రేమండ్‌కు డెబ్బై ఒక్క మార్కులు

మార్నీ ఊపిరి ఆగిపోతుందేమోనని కర్స్టీకి భయం. ఆమెకున్న భయాలన్నిటిలోకీ పెద్దది అదే. జ్వరం వస్తేనో దెబ్బ తగిలితేనో పిల్ల ఏడుస్తుంది, తెలుస్తుంది. ఊపిరి చప్పుడు చేయకుండా ఆగిపోతుంది. చుట్టూ పదిమంది నవ్వుకుంటూ టీ తాగుతూ ఉన్నా సరే, ఎవరికీ తెలియకుండా ఆగిపోతుంది. అందుకే శనివారాలు హారోబెక్ ఫుట్‌బాల్ మైదానంలో టీ కొట్టు నడుపుతూ, నాలుగు కప్పులకోసారి వెనక్కి తిరిగి, పిల్లల బండిలో పడుకున్న ఏడు నెలల కూతురి ముక్కు కింద వేలు పెట్టి చూసుకునేది. వెచ్చగా గాలి తగిలాకే ఐదో కప్పు.

"అలా వేలు పెట్టి పెట్టి దాని ముక్కు అరగదీసేస్తావే తల్లీ," అనేది మోరీన్.

మోరీన్ కొట్టు పక్కనే మడతకుర్చీ వేసుకుని స్వెట్టరు అల్లుకుంటూ కూర్చుంటుంది. నలభై ఏళ్ళుగా హారోబెక్ ఆట ఒక్కటీ వదల్లేదు, ఒక్కటీ పూర్తిగా చూడనూ లేదు. ఆమె పక్కన ఇనుప కమ్మీకి ఆనుకుని నిలబడేవాడు విల్ఫ్. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి కావడంతో, అవతలి గోలు దాకా వినబడే గొంతు. కాళ్ళ దగ్గర ఒక ముసలి కుక్క.

హారోబెక్ ఆడే లీగ్‌లో ఒక పద్ధతుంది. ఆట అయ్యాక రెండు క్లబ్బులూ రిఫరీకి నూటికి ఇన్నని మార్కులు వేసి లీగ్ ఆఫీసుకు పంపాలి. మిగతా ఊళ్ళలో ఆ పని కోచ్ చేస్తాడు. హారోబెక్‌లోనూ ఒకప్పుడు అంతే. ఒక ఏడాది, ఓడిన ఉక్రోషంలో ఉన్న కోచ్ ఎవరో రిఫరీకి పన్నెండు వేసి, కారణం రాయవలసిన చోట ఒక బూతుమాట రాసి పంపాడు. లీగ్ వాళ్ళు క్లబ్బుకు బాగా అక్షింతలు వేశారు. దాంతో కమిటీ ఆ పనిని కోచ్ చేతిలోంచి లాక్కుని, టికెట్టు కొని వానలో నిలబడి చూసేవాళ్ళకు అప్పగించింది. ఆట అయ్యాక టీ కొట్టు దగ్గర తలా ఒక చీటీ మీద అంకె వేసి ఖాళీ బిస్కెట్ల డబ్బాలో పడేస్తారు. క్లబ్బు కార్యదర్శి డెస్మండ్ సగటు కట్టి ఫారం నింపుతాడు.

అరవైకి తగ్గిందంటే మాత్రం ఎందుకు తగ్గిందో వివరంగా రాయాలి. రాయడమంటే హారోబెక్‌లో ఎవరికీ గిట్టదు. కనక ఎంత అధ్వాన్నపు రిఫరీకైనా అక్కడ అరవై ఒకటి ఖాయం. రేమండ్‌కు మాత్రం ఎప్పుడూ డెబ్బై ఒకటి. ఆ పై పదీ దేనికని కర్స్టీ ఒకసారి అడిగితే, తొమ్మిది మర్యాదకీ ఒకటి మీసానికీ అన్నాడు విల్ఫ్.

రేమండ్ కొండలకు అవతలివైపు నుంచి ఇరవై ఆరేళ్ళుగా వస్తున్నాడు. తెల్ల మీసం, మోకాళ్ళ దాకా లాగిన మేజోళ్ళు. అతను మైదానంలోకి రాగానే విల్ఫ్‌కు పండగ. ఫౌల్ చూడలేదంటే, మా కుక్కకి కూడా కనిపించిందోయ్ అని అరిచేవాడు. కుక్కకి విజిల్ ఇవ్వరు విల్ఫ్, నేను అడిగి చూశాను, అని పరుగు ఆపకుండానే జవాబిచ్చేవాడు రేమండ్. కమ్మీ పొడుగునా నవ్వులు. కర్స్టీ ఆ కొట్టులో చేరింది ఈ ఏడాదే అయినా, వాళ్ళ తిట్లలో ఎంత ఇష్టం ఉందో మొదటి శనివారమే ఆమెకు అర్థమైంది. నిజంగా గిట్టని రిఫరీని హారోబెక్ జనం తిట్టరు. పేరు కూడా అడగరు.

ఆ నవంబరు శనివారం స్కెల్బీతో ఆట. వడగళ్ళు పడి వెలిశాయి. చూడడానికి వచ్చింది ఎనభై నాలుగు మంది, తొమ్మిది కుక్కలు. మొదటి సగం మామూలుగానే నడిచింది. విరామంలో రేమండ్ తన గదికి టీ తెప్పించుకోకుండా, ఎప్పటిలాగే తానే కొట్టు దగ్గరకు వచ్చాడు.

పాప పేరేమిటని అడిగాడు. మార్నీ అని చెప్పింది కర్స్టీ. చక్కని పేరన్నాడు. చక్కెర వేసుకోని మనిషి మూడు చెంచాలు వేసుకుని కలుపుతూ, పాపకి ఏం పేరు పెట్టారు అన్నాడు. ఆమె మళ్ళీ చెప్పింది. చలికి ముక్కు ఎర్రబడింది కదా, ఏదైనా తినండి అంటూ వేడి వేడి మాంసం పేస్ట్రీ ముందుకు తోసింది. అతను పొట్ట నిమురుకుని నవ్వాడు.

"వద్దమ్మా. షీలా ఇంట్లో మాంసం కూర పొయ్యి మీద పెట్టింది. బయట తిని వెళ్ళానంటే నా వీపు మోగుతుంది."

వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, పాప పేరు అడగనేలేదు చూడు అన్నాడు. మూడోసారి చెప్పి, వెనకే వేలు పెట్టి మార్నీ ఊపిరి చూసుకుంది కర్స్టీ.

రెండో సగం మొదట్లో బంతిని హారోబెక్ వాళ్ళకే ఇచ్చాడు రేమండ్. మొదటి సగంలోనూ వాళ్ళదే తొలి తాపు కాబట్టి, ఈసారి స్కెల్బీ వంతు. స్కెల్బీ కెప్టెన్ వచ్చి గుర్తు చేస్తే నుదురు కొట్టుకుని నవ్వి సరిచేశాడు. ఆ తర్వాత హారోబెక్ ఆరో నంబరు కుర్రాడికి పసుపు కార్డు చూపాడు. పావుగంట పోయాక మళ్ళీ అదే కుర్రాడికి ఇంకో పసుపు కార్డు. రెండు పసుపులంటే ఎర్ర కార్డు, బయటికి పోవాల్సిందే. రేమండ్ పుస్తకం మూసి జేబులో పెట్టుకుని ఆట మొదలుపెట్టమన్నాడు. ఆరో నంబరు కుర్రాడు వెళ్ళాలో ఉండాలో తెలియక, పెళ్ళిలో కుర్చీ దొరకని చుట్టంలా మధ్యలో నిలబడిపోయాడు. చివరికి లైన్స్‌మన్ జెండా ఊపుతూ పరుగెత్తుకొచ్చి చెవిలో చెబితే గాని ఎర్ర కార్డు బయటికి రాలేదు. జనం పగలబడి నవ్వారు. విల్ఫ్ కళ్ళు తుడుచుకుని, వచ్చే వారం వాడికి మూడోది కూడా ఇవ్వు రేమండ్, సెట్టు పూర్తవుతుంది అని అరిచాడు.

ఈసారి రేమండ్ జవాబు చెప్పలేదు. అరుపు ఎటునుంచి వచ్చిందా అన్నట్టు కమ్మీ వైపు చూసి, మళ్ళీ మైదానం వైపు తిరిగాడు.

ఆట ఒకటీ ఒకటిగా ముగిసింది. ఆ లైన్స్‌మనే రేమండ్‌ను తన కారులో రైలు స్టేషన్‌కు తీసుకుపోయాడు. కొట్టు దగ్గర చీటీల కార్యక్రమం మొదలైంది. విల్ఫ్ డెబ్బై ఒకటి వేశాడు. మోరీన్ అల్లిక ఆపకుండానే డెబ్బై ఒకటి వేయమంది. డెస్మండ్ డబ్బా ముందుకు లాక్కుని ఆరో నంబరు ముఖం తలుచుకుని మళ్ళీ నవ్వాడు.

కొట్టు కిటికీలోంచి ఎడమవైపు గోలు కనబడదు కాబట్టి కర్స్టీకి చీటీ లేదు. కప్పులు కడుగుతూ, పాపం ఆకలితోనే తప్పులు చేశాడేమో అంది. పేస్ట్రీ ఇస్తే తీసుకోలేదనీ, షీలా ఇంట్లో మాంసం కూర వండుతోందని చెప్పాడనీ, పాప పేరు మూడుసార్లు అడిగాడనీ చెప్పింది.

మోరీన్ చేతిలో సూదులు ఆగిపోయాయి.

"షీలా అన్నాడా? పేరు చెప్పే అన్నాడా?"

కర్స్టీ తల ఊపింది. డెస్మండ్ చేతిలోని డబ్బా పక్కన పెట్టాడు. అతనే విషయం చెప్పాడు. షీలా రేమండ్ భార్య. పోయి రెండేళ్ళు దాటింది. ఆ మార్చిలో ఇదే మైదానం నడిమి గీత మీద ఇరవై ఇద్దరు ఆటగాళ్ళూ ఆమె కోసం ఒక నిమిషం మౌనంగా తలలు దించుకుని నిలబడ్డారు. విజిల్ ఊది ఆ నిమిషం మొదలుపెట్టిందీ ముగించిందీ రేమండే. వేరే ఎవరికైనా ఇమ్మంటే ఇవ్వలేదు.

కర్స్టీ కడుగుతున్న కప్పు పక్కన పెట్టేసింది. తడి చేతులతోనే వెళ్ళి మార్నీ ముక్కు కింద వేలు పెట్టింది. గాలి తగులుతోంది. అయినా వేలు తీయలేదు. ఇన్నాళ్ళూ తను కళ్ళలో ఒత్తులు వేసుకుని చూస్తున్నది ఒకచోట, జరిగింది మరొకచోట. ఎనభై నాలుగు మంది చూస్తుండగా, నవ్వుతుండగా.

డెస్మండ్ రేమండ్‌కు ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. లైన్స్‌మన్‌కు చేస్తే, రైలు ఎక్కించి వచ్చానని చెప్పాడు. ఇల్లెక్కడో అతనికీ తెలియదు. రిఫరీల చిరునామాలు లీగ్ వాళ్ళు ఎవరికీ ఇవ్వరు, శనివారం సాయంత్రం ఆ ఆఫీసులో ఫోన్ ఎత్తేవాళ్ళూ ఉండరు.

అప్పుడు ఒక్కొక్కరి మనసులోంచీ ఒక్కొక్కటి బయటపడింది. సెప్టెంబరులో రేమండ్ ఎనిమిది నిమిషాలు ముందే ఆట ముగించబోయాడని విల్ఫ్ ఒప్పుకున్నాడు. తనే అరిచి ఆపాడు, దాన్నీ జోకు చేశాడు. పోయినసారి బూట్లు మరిచిపోయి వచ్చి తన బూట్లు తొడుక్కున్నాడని డెస్మండ్ చెప్పాడు. అతను పాత ఫారాల నకళ్ళు తీసి బల్లమీద పరిచాడు. డెబ్బై ఒకటి, డెబ్బై ఒకటి, డెబ్బై ఒకటి, డెబ్బై ఒకటి. పక్క ఊళ్ళ కార్యదర్శులతో మాట్లాడుతుంటాడు కాబట్టి, అక్కడా అంతేనని అతనికి తెలుసు. రేమండ్ అంటే ఇష్టం లేని క్లబ్బు లేదు.

"అరవై దాటిన ఫారాన్ని ఎవరూ చదవరు. బీరువాలోకి పోతుంది. తగ్గితేనే రిఫరీల అధికారి చేతికి వెళ్తుంది, ఫొటో తీసి పంపితే ఆవిడ ఆ సాయంత్రమే చదువుతుంది," అన్నాడు.

డబ్బాలోని చీటీల వైపు చూశారందరూ.

"విజిల్ లాగేసుకుంటారు డెస్మండ్," అన్నాడు విల్ఫ్. ఆ గొంతు అంత చిన్నదిగా ఉండగలదని కర్స్టీకి అప్పుడే తెలిసింది. "శనివారం ఒక్కటే మిగిలింది వాడికి. అది కూడా మన చేత్తో తీసేయమంటావా?"

మోరీన్ కోప్పడింది. ఉన్న శనివారం ఉంచి, మిగతా ఆరు రోజులూ చచ్చిపోయిన పెళ్ళాం కూర కోసం ఎదురుచూడమంటావా అని అడిగింది. విల్ఫ్ కుక్క తల నిమురుతూ ఉండిపోయాడు.

పెద్దవాళ్ళ మధ్యలో మాట్లాడడం కర్స్టీకి అలవాటు లేదు. అమ్మకు జబ్బు చేసి పదిహేనేళ్ళకే బడి మానేసిన మనిషి. నలుగురిలో నోరు విప్పితే ఏదో ఒకటి తప్పు మాట్లాడతానని బెదురు. అయినా బండి పక్కనుంచి లేవకుండానే అంది.

"ఊపిరి చూద్దామని రాత్రిళ్ళు నేను వేలు పెడితే ఇది లేచి ఏడుస్తుంది, విల్ఫ్. హాయిగా పడుకున్న పిల్లని ఏడిపించానని నాకూ బాధే. ఏడిస్తే ఎత్తుకుంటాను. చూడకుండా ఎలా ఉండడం?"

విల్ఫ్ కుక్క మీంచి చెయ్యి తీశాడు. తర్వాత డబ్బాలో చెయ్యి పెట్టి తన చీటీ వెతికి తీశాడు. డెబ్బై ఒకటి కొట్టేసి దాని పక్కన నలభై వేశాడు. పెన్సిల్ అంత గట్టిగా నొక్కడంతో కాగితం చిరిగింది. మోరీన్ తన చీటీ కూడా అతని చేతికే ఇచ్చి, నాకు కళ్ళద్దాలు లేవు, నువ్వే దిద్దు అంది. కళ్ళద్దాలు ఆమె ముక్కు మీదే ఉన్నాయి.

మిగతావాళ్ళూ తమ చీటీలు దిద్దాక, డెస్మండ్ ఫారంలో నలభై వేసి తెచ్చి కర్స్టీ ముందు పెట్టాడు. ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. స్పెల్లింగులు రావంది. నీతో మాట్లాడాడు, నువ్వు చూశావు, నువ్వే రాయాలి అన్నాడతను. మోరీన్ మార్నీని ఎత్తుకుని, దీని ఊపిరి నేను చూస్తాలే, నువ్వు రాయి తల్లీ అని తన ముడతల వేలు పిల్ల ముక్కు కింద పెట్టింది.

కారణాలు రాయవలసిన చోట కర్స్టీ నెమ్మదిగా, ఒక్కో అక్షరం దిద్దుకుంటూ ఇలా రాసింది:

"ఇది చదివే అమ్మగారికి. నేను హారోబెక్‌లో టీ అమ్ముతాను. తప్పులుంటే మన్నించండి. మేము రేమండ్ గారికి నలభై వేశాం. మర్యాదకి మాత్రం నూటికి నూరు, ఇది విల్ఫ్ రాయమన్నాడు. మీ బీరువాలో ఉన్న డెబ్బై ఒకట్లన్నీ మేమే వేశాం. అవి ఇష్టం కొద్దీ వేసినవి. అప్పుడే మీకు చెప్పి ఉండాల్సింది. ఇవాళ ఆయన మా పాప పేరు మూడుసార్లు అడిగారు. షీలా గారు ఇంట్లో కూర వండుతున్నారని చెప్పారు. ఆవిడ లేరని మీకు తెలిసే ఉంటుంది. ఫోన్ ఎత్తడం లేదు. ఇంటి చిరునామా మా దగ్గర లేదు, మీ దగ్గర ఉంది. విజిల్ సంగతి తర్వాత చూడొచ్చు. సోమవారం దాకా ఆగకుండా ఎవరైనా వెళ్ళి తలుపు తట్టండి. తీసేదాకా తట్టండి. బాగానే ఉన్నానని గుమ్మం దగ్గరే నవ్వి పంపించేస్తారు, ఆయన అలాంటి మనిషి. మీరు నమ్మి వెనక్కి వచ్చేయకండి. లోపలికి వెళ్ళి, పొయ్యి వెలుగుతోందేమో, ఆయన ఏమైనా తిన్నారో లేదో, దయచేసి మీ కళ్ళతో ఒకసారి చూడండి."