సుందరమ్మ జపాన్ చదువు

డెబ్బై దాటాక సుందరమ్మకు చదువు మొదలైంది, అదీ జపాన్ భాషలో. కోరి నేర్చుకుందా అంటే కాదు, దాహం నేర్పింది.

ఆమె మనవరాలు నందిని జపాన్‌లో ముసలివాళ్లకు సేవ చేసే ఉద్యోగం కోసం నయాపూల్ దగ్గర కోచింగ్‌కు పోతోంది. అక్కడి వ్యాకరణం వల్లె వేయడానికి ఇంట్లో నాయనమ్మ తేరగా దొరికింది. తుంటి విరిగి మంచాన పడ్డ మనిషి ఎక్కడికి పోతుంది?

"నీళ్లియ్యవే బిడ్డా."

"తెలుగుల అడిగితే ఇయ్య. మిజు ఒ కుదసాయ్ అనాలె."

"మిజు కుదసాయ్."

"నడిమిట్ల 'ఒ' ఏమాయె? మల్ల చెప్పు."

గ్లాసు నందిని చేతిలోనే ఉంటుంది. ఒక్కసారి కూడా గొంతు పెంచదు, అబ్బో, ఆ పిల్ల ఓపిక! వాక్యం కుదిరిందాకా తడిసిన పక్కబట్ట మార్చదు, దుప్పటి కప్పదు. చలి, నొప్పి, భయం, అన్నీ అట్లాగే వచ్చాయి సుందరమ్మకు. సముయ్, ఇతాయ్, కొవాయ్.

కొడుకు మైసయ్య జల్‌పల్లి బర్లకొట్టం నుంచి రాగానే ఆమె ఏడ్చింది. "పోరి నన్ను సంపుతున్నదిరా!"

మైసయ్య పడీ పడీ నవ్వాడు. "గీ వయసుల జపాన్ మాట్లాడుతున్నవ్, మస్తున్నవ్ పోయే అమ్మా!"

చివరికి మనవరాలినే అడిగింది. "నీకు జర గూడ జాలి లేదానే?"

"నువ్వు నేర్పిందే గదా నాయినమ్మా. పాలు మాన్పిచ్చే దూడను ఆకలి మీద కట్టెయ్యాలె, ఒర్రి ఒర్రి అదే బకెట్ల మూతి పెడతదంటివి. చిన్నప్పుడు నాతోనే కట్టేపిచ్చినవ్."

సుందరమ్మకు బర్లకొట్టం గుర్తొచ్చింది. ఎన్ని దూడల్ని కట్టించిందో, ఒక్కదాని అరుపైనా చెవిన పెట్టిన పాపాన పోలేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారు, ఆమెకు సొంత ఇంట్లోనే పుట్టింది. ఇక మిగిలింది ఒకటే ఆశ. ఈ పిల్ల ఎట్లాగైనా విమానమెక్కాలి. అప్పుడు మంచం దగ్గరి పని కోడలు శారదమ్మ చేతికొస్తుంది, ఆమెను తెలుగులో నీళ్లడిగి తాగొచ్చు.

ఇంటర్వ్యూ ఫోన్‌లోనే, వీడియో కాల్. ఇంట్లో పెద్దవాళ్లకు సేవ ఎట్లా చేస్తారో చూపించమన్నారు. సుందరమ్మ పొద్దటి నుంచి నందిని చెప్పించిన వాక్యం నెమరేసుకుంటూనే ఉంది, మనవరాలి కంటే ఆమెకే గుబులు ఎక్కువ. నందిని తలగడ సర్దింది, వెన్ను నిమిరింది. అన్నీ చక్కగా జరుగుతున్నాయి. అంతలో ఫోన్‌లోని జపాన్ ఆవిడ నవ్వుతూ, ఒక్కో మాటా నిదానంగా పలుకుతూ, "అవ్వా, బాగున్నారా?" అని ఆ భాషలో ముసలామెనే అడిగింది.

మంచాన పడ్డప్పటి నుంచి ఆ మాట అడిగిన మనిషి లేదు. సుందరమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. నెమరేసుకున్నదంతా కొట్టుకుపోయింది. "నందిని సాన్ గ కొవాయ్ దెస్," అంది. నందిని అంటే నాకు భయం అని. ఎవరూ చెప్పించకుండా సొంతంగా కూర్చుకున్న మొదటి వాక్యం అది.

జపాన్ ఆవిడ మొహంలో నవ్వు పోయింది. పక్కనున్న మనిషితో ఏదో అంది, థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది. సాయంత్రానికల్లా నందినిని తీసుకోవడం లేదని కోచింగ్ వాళ్లు కబురు పెట్టారు.

నందిని ఏడవలేదు, తిట్టలేదు. తలుపు దగ్గరగా వేసి వచ్చి మంచం అంచున కూర్చుంది. నాయనమ్మ నుదుటి మీది వెంట్రుకలు మెల్లగా పక్కకు తీసింది.

"ఒక్క తప్పు లేకుంట చెప్పినవ్ నాయినమ్మా," అంది. "ఇగ నేనేడికి పోత? నీ దగ్గర్నే ఉంట. మస్తు టైమున్నది, పుస్తకం మొత్తం నేర్పుత."