గాలి పట్టీలు

పొద్దున్నే ఫైర్ స్టేషన్లో మొదటి పని పైపులు ఆరేయడం. ముందు రోజు తడిసిన పైపుల్ని పొడుగ్గా వేలాడదీసి, ఫైరింజన్ తుడిచి, నిచ్చెనల మెట్లన్నీ ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూశాకే టీ కేటిల్ పొయ్యెక్కుతుంది. మెట్లు తడిమి చూసే పని ఎప్పుడూ ఒకావిడదే. ఆవిడకి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది గానీ, అది జీతం పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ నిచ్చెనక్క. ఎంత ఎత్తు మేడయినా, ఎంత పొగయినా, నిచ్చెన వేశారంటే మొదటి కాలు ఆమెదే.

నిచ్చెనక్కది నిండైన ఛాతీ. మామూలు నిండు కాదు. చూసేవాళ్ళకి అదొక వింత, మోసేదానికి అదొక చాకిరీ. యూనిఫాం చొక్కా కుట్టినవాడు మగవాళ్ళ కొలతలు తప్ప ఎరగడు. భుజాలకి సరిపోయే చొక్కాకి గుండీలు పట్టవు, గుండీలు పట్టే చొక్కాలో భుజాలు మోచేతుల దాకా జారతాయి. ఒకసారి పెద్ద దొరల ముందు వరసలో నిలబడి ఊపిరి గట్టిగా పీల్చేసరికి రెండో గుండీ ఎగిరి పక్కవాడి బూటు మీద పడింది. నవ్వనివాడు లేడు. ఆమె కూడా నవ్వింది, నవ్వకపోతే ఇంకా నవ్వుతారని.

నవ్వులు ఒక ఎత్తు, నొప్పి ఒక ఎత్తు. లోపల ఒకటి చాలక ఒకదాని మీద ఒకటి రెండు బాడీలు బిగించుకునేది. వాటి పట్టీలు భుజాల మీద వేలు పట్టేంత లోతు గాట్లు పెట్టాయి. పట్టీల కింద చేతిరుమాళ్ళు మడిచి పెట్టుకునేది. ఎండాకాలం ఛాతీ కింద చెమటకి ఒరిసిపోయి మంట. పౌడరు జల్లుకుని, మెత్తటి పాత గుడ్డ దోపుకుని డ్యూటీకి వెళ్ళేది. ఎవరూ లేనప్పుడు బల్ల దగ్గర కూర్చుని ఆ బరువంతా బల్ల అంచు మీద ఆనించేది. అప్పుడు మెడ దగ్గర్నించి నడుము దాకా ఒక్కసారి హాయి పాకేది. ఎవరైనా వస్తున్న చప్పుడైతే మళ్ళీ నిటారుగా కూర్చునేది.

ఇంట్లో మొగుడు సిటీ బస్సు నడుపుతాడు. మాటలు తక్కువ మనిషి. రాత్రి ఆమె అడక్కముందే వేడినీళ్ళ సంచి భుజాల మీద పెట్టి, తన బొటనవేళ్ళతో మెడ నరాలు నొక్కేవాడు. వాళ్ళతోపాటే ఉండే ఆమె తల్లి మాత్రం అది చూసి పెదవి విరిచేది.

తల్లి అచ్చాఫీసులో తప్పులు దిద్దే పని చేసి రిటైరయింది. ముందుకి వంగిపోయిన మనిషి. ఎండైనా వానైనా భుజాల మీంచి ముందుకి కప్పుకున్న శాలువా తీసేది కాదు. అందరూ దాన్ని అచ్చాఫీసు వంపు అనుకునేవాళ్ళు, ఆమె కూడా అలాగే అనుకోనిచ్చింది. కానీ ఆమెదీ కూతురి శరీరమే. ఆమె తల్లిదీ అంతే. "మనింటి ఆడవాళ్ళకి ఆస్తులు రాలేదు, ఇవే వచ్చాయి. ఎక్కువ మాట్లాడకుండా మోసుకోవడమే," అనేది.

నిచ్చెనక్క అలాగే మోసింది, వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలయ్యేదాకా. పట్టీల ఒత్తుడికి భుజంలో నరం నలుగుతోందని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషనుతో బరువు తగ్గించుకుని సుఖపడ్డవాళ్ళు చాలామంది ఉన్నారని, అది చక్కటి దారేనని, కాకపోతే దాని కోసం ఎదురుచూసేవాళ్ళ వరస పెద్దదని, ఆ తర్వాత కొన్నాళ్ళు నిచ్చెన ముట్టుకోకూడదని కూడా చెప్పింది. ముందు భుజాల మీద భారం తగ్గే ఉపాయం ఏదైనా చూసుకోమంది. ఆ మాటలు ఇంకా చెవిలో ఉండగానే, ఒక మేడ మూడో అంతస్తు దగ్గర నిచ్చెనక్క చేయి పట్టు తప్పింది. పడలేదు. రెండో చేయి పట్టుకుంది. కానీ కింద నుంచి ఆఫీసరు చూశాడు.

ఆఫీసరు చెడ్డవాడు కాదు. పక్కకి పిలిచి, తలుపు వేసి, ఆమె మొహం చూడకుండా గోడ మీది గడియారం చూస్తూ మాట్లాడాడు. వచ్చే నిచ్చెన పరీక్షలో చేతులు నిలబడకపోతే టెలిఫోను బల్ల దగ్గర వేస్తానన్నాడు. కూర్చునే పని, సుఖంగా ఉంటుందన్నాడు. ఆ సుఖం అన్న మాట ఆమెకి చెంపదెబ్బలా తగిలింది.

ఇంటికి వస్తూ దారిలో చూసింది. బస్తాలు మోసే కూలీ ఒకాయన కొండంత మూట నెత్తిన పెట్టుకుని, ఈల వేసుకుంటూ మేడ మెట్లెక్కుతున్నాడు. మూట కింద చుట్టకుదురు కొంచెం ఉబ్బి, లోపలేదో ఊపిరి తీస్తున్నట్టు కదులుతోంది. అది గాలి కుట్టే పెద్దమ్మ కుట్టిన చుట్టకుదురు.

ఆ ఊళ్ళో మిగతా దర్జీలు గుడ్డ కుడతారు, పెద్దమ్మ గాలి కుడుతుంది. మేడ మీద తాడు కట్టి దుప్పట్లు ఆరేసి, వాటిలోకి గాలి దూరగానే అంచులు మూసి పట్టుకుని, సన్న కుట్టుతో లోపలే ఉంచేస్తుంది. పోస్టుమాను సంచికి పట్టీ, అరిగిన మోకాలికి మెత్త, బరువులెత్తేవాళ్ళకి నడికట్టు, ఏది కావాలన్నా ఆమె దగ్గరికే వెళ్ళేవాళ్ళు. గాలి ఖరీదు ఎక్కువని సణిగేవాళ్ళు ఉన్నారు గానీ, గాలిని ఎలా కుడుతుందని అడిగినవాళ్ళు లేరు. చెప్పులు కుట్టేవాణ్ణి తోలెలా కుడతావని అడుగుతామా?

ఇన్నేళ్ళూ ఆ కొట్టు ముందు నుంచే నడిచింది నిచ్చెనక్క. తన బరువుకి కూడా అక్కడ మందు ఉండొచ్చని తోచకపోలేదు. తోచినా, ఆ మాట ఏ నోటితో అడగాలో తెలియలేదు.

ఆ రోజు లోపలికి వెళ్ళింది. కొట్టునిండా జనం. మూట దించిన కూలీ కుదురు బిగించుకోవడానికి వచ్చి కూర్చున్నాడు. పోస్టుమాను ఉన్నాడు. రొట్టెల బట్టీలో పిండి పిసికే లావుపాటి ఆవిడ ఉంది. మిషను వెనక పెద్దమ్మ. ఆమెకి రెండు చెవులూ సరిగ్గా వినపడవని నిచ్చెనక్క మరిచిపోయింది. వంగి, చెవి దగ్గర నోరు పెట్టి, భుజాల నొప్పి అని గొణిగింది.

పెద్దమ్మ గట్టిగా, "ఏం మోస్తావు? సంచా, మూటా?" అంది.

మూట కాదంది నిచ్చెనక్క. "మరేంటి, చెప్పు. బరువేదో తెలియకుండా ఏ గాలి కుట్టమంటావు? అడగందే అమ్మైనా పెట్టదు. నేను మీ అమ్మని కూడా కాదు," అని విసుక్కుంది పెద్దమ్మ.

నిచ్చెనక్క వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. పొగలోకి దూకేటప్పుడు కూడా ఆమె గుండె అలా కొట్టుకోలేదు. టెలిఫోను బల్ల గుర్తొచ్చింది. గడియారం వంక చూస్తూ మాట్లాడిన ఆఫీసరు గుర్తొచ్చాడు. నిటారుగా నిలబడింది.

"నా రొమ్ములు బరువు పెద్దమ్మా," అంది, మంటల్లో ఉన్నవాళ్ళకి వినిపించేలా పిలవడం అలవాటైన గొంతుతో. "మొయ్యలేకపోతున్నాను. భుజాలు తెగిపోతున్నాయి, వేళ్ళు మొద్దుబారుతున్నాయి. నేను నిచ్చెనెక్కాలి."

మిషను ఆగింది. పోస్టుమాను తన బూట్ల లేసులు చాలా శ్రద్ధగా చూసుకున్నాడు. ముందుగా మాట్లాడింది కూలీ. "బరువంటే బరువేనమ్మా," అన్నాడు మామూలుగా. "నెత్తి మీదుంటే ఒకటీ, ఇంకోచోట ఉంటే ఒకటీనా? మోసేవాడికే తెలుస్తుంది కావడి బరువు." అని లేచి, తన వంతు ఆమెకి ఇచ్చి, పోస్టుమానుని కూడా భుజం తట్టి బయటికి తీసుకుపోయి, తలుపు దగ్గరికి వేశాడు.

రొట్టెలావిడ మాత్రం కదల్లేదు. "ఆవిడది అయ్యాక నాక్కూడా," అంది, ఎవరూ అడక్కుండానే.

పెద్దమ్మ కొలతల టేపు పక్కన పెట్టింది. టేపు చుట్టుకొలత చెబుతుంది గానీ బరువు చెప్పదట. అడిగి, సరేనన్నాక, నిచ్చెనక్క వెనక నిలబడి రెండు అరచేతులూ ఛాతీ కింద చాచి ఒక్కసారి పైకెత్తింది. నిచ్చెనక్క కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. అన్నేళ్ళలో మొదటిసారి ఆమె భుజాలు రెండూ ఖాళీగా ఉన్నాయి. పెద్దమ్మ మెల్లగా చేతులు దించి, మణికట్లు విదిలించుకుని, ముందుకొచ్చి ఆమె మొహంలోకి చూసింది.

"ఇంత మోస్తూనా నువ్వు నిచ్చెనలెక్కింది? పైన మనిషిని కూడా భుజానేసుకుని దిగావా?"

దిగానంది నిచ్చెనక్క.

"నేనైతే మీసాలు లేకపోయినా కొనుక్కొచ్చి మెలేసేదాన్ని," అంది పెద్దమ్మ.

నిచ్చెనక్క నవ్వింది. ఈసారి ఎవరికోసమో నవ్వింది కాదు.

మొదటి బాడీ కుదరలేదు. సాయంత్రపు గాలి కుట్టింది పెద్దమ్మ. అది చపలబుద్ధి గాలి. వేసుకుని వీధిలో నడుస్తుంటే ఒకసారి గడ్డం దాకా లేపేది, ఒకసారి ధబాలున వదిలేసేది. మలుపు దగ్గర మడమలు రెండూ నేల విడిచి, పాలవాడి సైకిలు పట్టుకుని ఆగాల్సి వచ్చింది. మర్నాడు తెల్లవారకముందే ఇద్దరూ మేడెక్కారు. సూర్యుడు రాబోయే ముందు వీచే గాలి నిలకడైనదట, నిద్రలేచిన మనిషిలా ఎవరి మీదా కోపం ఉండదట. పెద్దమ్మ దుప్పటి ఒక కొస పట్టుకుంది, నిచ్చెనక్క రెండో కొస. చల్లటి గాలి వచ్చి నిండగానే ఇద్దరూ అంచులు కలిపారు. పెద్దమ్మ అక్కడే కూర్చుని వెడల్పాటి పట్టీలు, వీపు నిండా పట్టుండే వెనక భాగం, కింద చెమట పీల్చే మెత్తటి నూలు అన్నీ కుట్టింది. భుజాల మీద కాదు, వీపంతా పంచుకోవాలి బరువు, అని చెబుతూనే ఉంది. ప్రతి కుట్టులోనూ కొంచెం గాలి దూర్చింది.

అది వేసుకుని నిచ్చెనక్క మేడ మెట్లు దిగింది. చేయి అలవాటుగా ఛాతీకి అడ్డం వెళ్ళింది, మెట్లు దిగేటప్పుడు పట్టుకోవడానికి. పట్టుకోవాల్సిన పని లేదు. ఆ చేతిని ఏం చేయాలో తెలియక కాసేపు గాల్లో ఊపుకుంటూ నడిచింది.

నిచ్చెన పరీక్ష రోజున ఇసుక నింపిన మనిషి బొమ్మని భుజానేసుకుని ఆమె శిక్షణ గోపురం పైదాకా ఎక్కి, దిగింది. వేళ్ళు ఒక్కసారి కూడా తిమ్మిరెక్కలేదు. పరిగెత్తుతున్నా ఏదీ ఎగరలేదు, ఏదీ లాగలేదు. కిందికొచ్చి బొమ్మని దించి, ఆఫీసరు ఎదురుగా నిలబడి, ఆయన చూపు చేతి గడియారం వైపు తిరిగేలోపే మాట అందుకుంది.

"చేతులు నిలబడ్డాయి సార్. ఇక చొక్కాల సంగతి. ఇంతకాలం నా ఛాతీ తప్పనుకున్నాను. తప్పు కొలతలది. ఆడవాళ్ళ కొలతలతో కుట్టించండి. నేనొక్కదాన్నే కాదు, నా తర్వాత వచ్చేవాళ్ళున్నారు."

ఆయన ఆమె మొహంలోకి చూసి, కుట్టిస్తానన్నాడు. కుట్టించాడు కూడా. కొత్త చొక్కా వేసుకుని ఆమె వరసలో నిలబడి ఎంత గట్టిగా ఊపిరి పీల్చినా గుండీలు ఉన్నచోటే ఉన్నాయి. పెద్దమ్మ కొట్టు ముందు మాత్రం ఆడవాళ్ళ వరస పెరిగిపోయింది. టీచర్లు, నర్సులు, బల్లల దగ్గర కూర్చుని రాసేవాళ్ళు, ఇంట్లో ఉండేవాళ్ళు, అందరూ వచ్చారు. ఇప్పుడు ఎవరూ చెవిలో గొణగడం లేదు. పెద్దమ్మకి వినపడదు కాబట్టి గట్టిగానే చెప్పాలి.

రానిది ఒక్క తల్లే. కూతురు ఎన్నిసార్లు అడిగినా, ఈ వయసులో నాకెందుకే, అలవాటైపోయింది, అనేది. చివరికి నిచ్చెనక్క బతిమాలడం మానేసింది. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, తల్లి ముందే చొక్కా భుజం మీంచి పక్కకి లాగి చూపించింది. గాట్లు పూడుతున్నాయి. ఎర్రటి చోట లేత చర్మం వస్తోంది. తల్లి చాలాసేపు అక్కడ వేలితో రాస్తూ కూర్చుంది. తన శాలువా కింద ఉన్న గాట్లని ఇన్నేళ్ళలో ఎవరికీ చూపించలేదని, మీ నాన్నకి కూడా చూపించలేదని చెప్పింది. నీకు పెళ్ళీడు వచ్చినప్పుడు నీ భుజాల మీద చూసి ఏడ్చానే, ఏం చెప్పాలో తెలియక మోసుకోమన్నాను, అంది. నిచ్చెనక్క తల్లి చేయి తన భుజం మీద అలాగే ఉండనిచ్చింది.

తర్వాత ఆ ఇంట్లో ఆ మాటే రాలేదు. తల్లి ఎప్పుడు వెళ్ళిందో, ఎవరికి గట్టిగా చెప్పిందో, ఏ తెల్లవారుజామున మేడెక్కి దుప్పటి కొస పట్టుకుందో ఎవరికీ తెలియదు. తెలిసింది ఒక ఆదివారం పొద్దున్న. నిచ్చెనక్క, మొగుడు టీ తాగుతుంటే తల్లి గదిలోంచి ఠంగుమని పెద్ద చప్పుడైంది. ఇద్దరూ పరిగెత్తారు.

తల్లి గుమ్మంలో నిలబడి నుదురు రుద్దుకుంటోంది. ఒంటి మీద శాలువా లేదు. అన్నేళ్ళుగా రోజూ దాటిన ద్వారబంధం పైచెక్క ఆమె నుదుటికి కొట్టుకుంది.

 అత్తగారి మొహం చూడాలంటే మొగుడు తల కొంచెం పైకెత్తాల్సి వచ్చింది. ఆమె పొట్టి మనిషని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కన్నకూతురికీ అంతే తెలుసు.

"ఇంత పొడుగునా నేను?" అంది తల్లి, చెక్కని చేత్తో తడిమి చూస్తూ. ఆమె గొంతులో నొప్పి కంటే ఇంకేదో ఎక్కువగా ఉంది.

నిచ్చెనక్క తడిగుడ్డ తెచ్చి ఆమె నుదుటి మీద అద్దబోయింది. ఎప్పుడూ వంగి అద్దే మనిషి, ఇవాళ చేయి చాచి అద్దాల్సి వచ్చింది. తల్లి కాసేపు ఓపిక పట్టి, చాల్లే అని గుడ్డ పక్కన పెట్టి, తల ఒంచి గుమ్మం దాటి, మళ్ళీ ఎత్తింది. అద్దం దగ్గర ఆగలేదు. చెప్పులేసుకుని, రొట్టెలు తెస్తానని చెప్పి నేరుగా వీధిలోకి నడిచింది. ఆ పొద్దున్న వీధిలో ఆమెని పలకరించిన ప్రతివాళ్ళూ తలెత్తి పలకరించారు.