పొడి పళ్లెం

పాట నేర్పే ఉస్తాద్ ఇంట్లో టీ కాచే హోసియాత్ అలమరలోని పళ్లేలు ఒక్కొక్కటే తీసి లోపలి చెమ్మ తుడుస్తోంది. నిన్న ఆరబెట్టి బోర్లించినవే. తెల్లారేసరికి ప్రతిదానికీ ఆవిరి పట్టి ఉంటుంది, ఎవరో నోరు దగ్గర పెట్టి ఊపిరి వదిలినట్టు. ఎవరికీ చెప్పలేదు. పిచ్చిదాని చేతి టీ ఎవరు తాగుతారు?

మర్గిలాన్ ఊళ్లో పాట నేర్చేవాళ్లకు తలా ఒక పళ్లెం. పెదవుల పక్కన అడ్డం పెట్టుకుని పాడితే గొంతు దూరం పోతుంది. ఉస్తాద్ ఆశీస్సు ఇచ్చిననాడు ఎవరి పళ్లెం వాళ్లు ఇంటికి తీసుకుపోతారు. ఏడుస్తూ మధ్యలో మానేసి పోయినవాళ్లవి ఇక్కడే ఉండిపోతాయి. అలమర నిండింది. అది చూసి ఊరివాళ్లు ఉస్తాద్ తుర్దీఅలీ కాఠిన్యాన్ని మెచ్చుకుంటారు.

చివరన ఉన్న అంచు పగిలిన నీలం పళ్లెం హోసియాత్‌ది. చిన్నప్పుడు ఈ ఉస్తాద్ తండ్రి దగ్గర నేర్చుకుంది. ఒకనాటి పాఠం తర్వాత గొంతులో గరగర తప్ప ఏమీ మిగల్లేదు. పాట పోయినా టీ కాచడానికి పనికొచ్చింది. ఆ పళ్లెం ఒక్కటే ఎప్పుడూ పొడిగా ఉంటుంది.

పొద్దెక్కాక ఒక తల్లి కూతురు సనోబర్‌ను తీసుకొచ్చింది. పిల్ల చేతిలో కొత్త పళ్లెం. తల్లి ఉస్తాద్ ముందు వంగి, ఇక్కడ అందరూ అనే మాటే అంది.

"మాంసం మీది, ఎముకలు మావి."

ఎంత కష్టపెట్టినా మీ ఇష్టం, ప్రాణంతో తిరిగిస్తే చాలని దానర్థం. పిల్లను ఎవరూ అడగలేదు. తల్లి వాకిట్లో మల్బరీ చెట్టు కింద కూర్చుంది. గది తలుపు మూసుకుంది.

పిలిస్తేనే టీ తేవాలి. ఆ ఇంటి కట్టడి అది. హోసియాత్ పొయ్యి దగ్గర కూర్చుని విన్నది.

"కదలకు. గొంతు మీద నా చెయ్యుంటేనే పాటలోకి భయం దిగుద్ది."

"ఊపిరాడట్లేదండీ..."

"ఆడకపోతేనే పాట."

అలమరలో ఒక పళ్లెం సన్నగా మోగింది. తర్వాత ఇంకొకటి. తర్వాత అన్నీ, ఒకటే శ్రుతిలో. నీలం పళ్లెం మాత్రం మోగలేదు.

హోసియాత్ టీ కెటిల్‌తో తలుపు తోసింది.

"నిన్నెవరు పిలిచారే ముసలిదానా?"

"ఎవరూ పిలవలా." ఆమె పిల్లవైపు చూసింది. "తల్లీ, ఆ చెయ్యి నీకిష్టమేనా?"

సనోబర్ ఉస్తాద్‌ను చూసింది, తెరిచిన తలుపును చూసింది. "వద్దు" అంది.

ఉస్తాద్ నవ్వాడు. "దానికేం తెలుసు? వాళ్లమ్మే ఒప్పజెప్పింది."

"గొంతు వాళ్లమ్మది కాదుగా."

కొత్త పళ్లేన్ని పిల్ల చేతికిచ్చి బయటికి నడిపించింది.

"ఆశీస్సు లేకుండా పళ్లెం గడప దాటితే గొంతు పోద్ది!" ఉస్తాద్ అరిచాడు. వాకిట్లో తల్లి తెల్లబోయి లేచింది.

"నాది దాటలేదుగా ఉస్తాద్," అంది హోసియాత్. "గొంతు మిగిలిందా?"

ఆ గరగర విని, కూతురి మెడ మీది వేళ్ల గుర్తులు చూసి, తల్లి పిల్లను లాక్కుని వెళ్లిపోయింది. పళ్లెం గడప దాటింది.

రేపటినుంచి రావద్దన్నాడు ఉస్తాద్. హోసియాత్ టీ గిన్నెలు కడిగింది, వాకిలి ఊడ్చింది, పొయ్యి ఆర్పింది. పెరటి గదికి పోయి పడుకుంది. మళ్లీ లేవలేదు.

"పుణ్యాత్మురాలు, ఎవరికీ బరువు కాలేదు" అన్నారు పాతిపెట్టి వచ్చినవాళ్లు. బతికున్నన్నాళ్లూ ఆమె పేరు కూడా అడగనివాళ్లే.

టీ కాచేవాళ్లు లేక ఉస్తాద్ తానే అలమర తెరిచాడు. పళ్లేలన్నీ ఎండిపోయి ఉన్నాయి. చివరనున్న నీలం పళ్లెం లోపల మాత్రం ఆవిరి చుక్కకట్టి, పగిలిన అంచు వైపు మెల్లగా జారుతోంది.