దేవమ్మెల్లా, గోదావరియా

సీతాఫల్‌మండిలో ఉండే సదాశివ గనుల శాఖలో నక్షాలు గీసే ఉద్యోగి. ఆదివారం వస్తే మాత్రం ఆయన లోకం వేరు. వికారాబాదు దిక్కు నుంచి తెచ్చుకున్న మట్టిగడ్డలను భార్య దేవమ్మ నానబెట్టి, సన్నజల్లెడలో కడిగి ఆరబోసేది. చివరికి గసగసాలంత చిప్పలు మిగిలేవి. అవి ఆస్ట్రకోడ్లు, కోట్ల ఏళ్ల కిందట మడుగుల్లో ఈది రాయైపోయిన జీవాలు. మైక్రోస్కోపు కింద పెట్టి సదాశివ వాటి కులగోత్రాలు తేల్చేవాడు.

వాటిలో వెనకవైపు ఉబ్బుగా ఉండే ఒక రకం ఏ పుస్తకంలోనూ కనబడలేదు. మనిషికి ఇంటిపేరు ఉన్నట్టే ఈ జీవాలకు ప్రజాతి పేరు ఉంటుంది. సదాశివ కొత్త ప్రజాతి కట్టి, దానికి 'దేవమ్మెల్లా' అని పేరు పెట్టి అచ్చువేయించాడు.

రాజమండ్రి కాలేజీ మాస్టారు జకర్యా ఒప్పుకోలేదు. ఏడాది ముందే తాను 'గోదావరియా' అని పేరు పెట్టిన సన్నపాటి చిప్పలూ ఇవీ ఒకటేనన్నాడు. మట్టి బరువుకు నలిగి కొన్ని ఉబ్బాయి, అంతేనట. ఇద్దరూ రెండేళ్లు ఉత్తరాల్లో వాదులాడుకున్నారు. నలభై ఎనిమిది వేసవిలో సంస్థానంలో గొడవలు ముదిరి సరిహద్దు అవతలి టపా ఆగిపోయింది. తప్పులు పట్టేవాడు లేక సదాశివకు ఏమీ తోచలేదు.

సెప్టెంబరులో భారత సైన్యం సికిందరాబాదుకు వచ్చింది. మూడు వారాలకు, ఒక ఆదివారం పొద్దున, రేకు పెట్టెతో ఒక బక్కపలుచని మనిషి గుమ్మంలో నిలబడ్డాడు.

"సదాశివ గారి ఇల్లు ఇదేనాండీ? నేను జకర్యానండీ. మూడు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఇక్కడి సంగతులు పేపర్లో చదివాక మనసు ఆగలేదు. రైళ్లు నడవగానే ఎక్కేశాను."

సదాశివ ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "ఒక్క ఉత్తరం సుత అందలే సారూ. మీరు కోపంల ఉన్నరనుకున్న."

భోజనాలయ్యాక చిప్పలు ముందేసుకున్నారు. గడియ తిరగకముందే గొంతులు లేచాయి. దేవమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"అన్నా, జెర నా మాట సుత వింటరా?"

ఆమె కుంకుమ భరిణె తెరిచింది. దూదిలో పగిలిన ఉబ్బుచిప్ప ఒకటి ఉంది. సదాశివ దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఉబ్బులోపల మూడు బుల్లి చిప్పలు అతుక్కుని ఉన్నాయి.

"మీరు సన్నయి ఒక డబ్బీల, ఉబ్బుయి ఒక డబ్బీల ఏస్తరు. కడిగేది నేను గదా. రెండూ ఎప్పటికీ ఒక్క గడ్డలనే వస్తయ్. సన్నది మగది, ఉబ్బుది ఆడది. పిల్లలు సుత లోపల్నే ఉన్నయి సూడుండ్రి."

జకర్యా చూసి కళ్లద్దాలు తీసేశాడు. "నలగడం కాదమ్మా. నాదీ తప్పేనండీ."

రెండు పేర్లూ ఒకే జీవానివైతే ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. అది సదాశివకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆయన భార్య మొహంలోకి చూశాడు.

"ఎప్పటిసంది తెలుసు నీకు?"

"రెండేండ్లాయె."

"మరి చెప్పకపోతివి?"

"గంత ప్రేమతోని పెట్టుకున్నరు. ఎట్ల చెప్పాలె?" ఆమె ఖాళీ భరిణె మూసింది. "అన్న మన పానం కోసం గింత దూరం వచ్చిండు. ఇంకా కొట్లాడుడేంది?" అంటూనే నవ్వేసింది. "ఏం పోయింది గిప్పుడు? పెండ్లయినంక ఆడదాని ఇంటిపేరు మారదా?"

సదాశివ నవ్వబోయి, కళ్లు తుడుచుకున్నాడు.

జకర్యా నాలుగు రోజులున్నాడు. ముగ్గురి పేర్లతో వ్యాసం తయారైంది. మొదటి పేరు దేవమ్మదే ఉండాలని పట్టుబట్టింది ఆయనే.

మరుసటి ఏడాది అచ్చు కాపీ వచ్చిన రోజు, దాన్ని పక్కింటి కమలాబాయికి చూపిద్దామని పోయిన దేవమ్మ, పొయ్యి మీద పప్పు మాడి వాసన వీధిలోకి వచ్చేదాకా తిరిగి రాలేదు.