పదిహేడో నంబరు ముద్ర

ఆదివారం పొద్దున్నే పెట్రోలు బంకు పక్కనున్న టీ కొట్టు ముందు ఏడెనిమిది మోటారు సైకిళ్ళు చేరేవి. వాటిలో ఒక్కటి తప్ప అన్నీ పాతవే. ఆ ఊళ్ళోనే, రైలు గేటు అవతలి ఫ్యాక్టరీలో తయారైన బండ్లు. ఫ్యాక్టరీ మూతపడి పద్నాలుగేళ్ళయింది. దాని పేరును మాత్రం ఎవరో కొనుక్కున్నారు. ఇప్పుడు అదే పేరు, ట్యాంకు మీద అదే రెక్కల బొమ్మ పెట్టుకుని వచ్చే బండ్లు ఇంకో దేశంలో తయారై ఓడల్లో దిగుతున్నాయి.

ఆ గుంపులో అందరికంటే పెద్దాయన్ని ‘పదిహేడు గారు’ అని పిలిచేవారు. ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు బండి చట్రాలు పరీక్షించిన మనిషి. హ్యాండిల్ కింద, గొట్టాలన్నీ కలిసే చోట వెల్డింగు సరిగ్గా పడిందో లేదో చూసి, బాగుంటే సుత్తితో తన నంబరు ముద్ర కొట్టడం ఆయన పని. ఆయన నంబరు పదిహేడు. పరీక్ష చేసేవాళ్ళు ఇంకా నలుగురుండేవారు గాని, పదిహేడు చేతిలో పడ్డ చట్రానికి తిరుగు లేదని పేరు. పాత బండి అమ్మేవాళ్ళు ముందు ఆ మాటే చెప్పేవారు. కొనేవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని ముద్ర వెతుక్కునేవారు.

ఆ ఆదివారం కూడా వాదన మామూలుగానే మొదలైంది.

“ట్యాంకు మీద పేరొక్కటే మనది. లోపల నట్టు నుంచి బోల్టు దాకా అన్నీ ఓడ దిగినవే” అన్నాడు టైలరు. పదిహేడు గారికి స్వయానా బావమరిది. అతను కుట్టే చొక్కాల కంటే అతని మాటలకే పదునెక్కువ.

“ఎక్కడ చేస్తే ఏంటండీ, బ్రేకు పడాలి గాని” అన్నాడు బ్యాంకు గుమస్తా. గుంపులో కొత్త బండి ఉన్నది అతనొక్కడికే. “వానలో మీరు బ్రేకు నొక్కితే బండి ఆగే లోపల మనం ఇంకో టీ తాగొచ్చు.”

అందరూ నవ్వారు. టైలరు నవ్వలేదు.

“మీ బండి పాడైతే ఆ దేశం నుంచి ఎవడొస్తాడు? మాది పాడైతే చేసిన మనిషి ఇదిగో, మా పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడు. చెప్పు బావా!”

పదిహేడు గారు ఎప్పుడూ అనే మాటే అన్నారు. “మన చేతి వెల్డింగుకి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు.”

అప్పుడే టైలరు కూతురు బండి మీద వచ్చి ఆగింది. కొండ మీది ఆసుపత్రిలో ఆమె నర్సు. రోజూ పదకొండు మలుపులు ఎక్కి దిగాలి. చక్రం జారకుండా ఆపే బ్రేకులున్న కొత్త బండి కొనుక్కుంటానని ఆర్నెల్లుగా పోరుతోంది. తండ్రి ససేమిరా అన్నాడు. వెతికి వెతికి ఒక పాత బండి తెచ్చి, రంగు వేయించి, సీటుకి తనే కొత్త తొడుగు కుట్టి, ముందు రోజే ఆమె చేతికి తాళం ఇచ్చాడు.

“మావయ్యా, నాన్న గొప్పలు వినలేక చస్తున్నాను. నీ ముద్రే అంట, చూసి చెప్పు.”

పదిహేడు గారు వంగి, ఫోను వెలుగులో హ్యాండిల్ కింద చూశారు. ఒకటి, ఏడు. ఏడు అంకె కాలు సగానికి విరిగి ఉంది.

ఆయన వెంటనే లేవలేకపోయారు. నడుం పట్టేసిందనుకుని మేనకోడలు చెయ్యందించింది.

“నీదేనా మావయ్యా?”

“నాదేనమ్మా.”

ఆయన ఫోను ఆర్పి జేబులో పెట్టుకున్నారు. టైలరు అందరికీ తన ఖాతాలో రెండో టీ చెప్పాడు.

ఆ విరిగిన ఏడు సంగతి ఆయనొక్కరికే తెలుసు. ఫ్యాక్టరీ చివరి నాలుగు నెలల్లో ముద్ర అచ్చు అరిగి, ఏడు కాలు విరిగింది. కొత్త అచ్చు రాలేదు. అప్పటికి ఏదీ రావడం లేదు. ఆయన చేసే పరీక్షలో, వెల్డింగు మీద ఎర్ర రంగు పూసి, తుడిచి, పైన తెల్ల పొడి చల్లితే, పగులున్న చోట ఎర్ర గీత పైకి తేలుతుంది. ఆ రంగు సీసాలు కూడా అయిపోయాయి. చట్రాలు కదలకుండా పట్టే పాత బిగింపులు వదులైపోయి, గొట్టాలు వంకరగా అతుక్కుంటున్నాయి. ఆయన రెండు వారాలు ముద్ర కొట్టకుండా ఆపారు. మేనేజరు పిలిచాడు. అరవలేదు, బతిమాలాడు. “ఈ ఒక్క ఆర్డరు బయటికి వెళ్తే ఫ్యాక్టరీ నిలబడుతుంది. నాలుగు వందల ఇళ్ళు. మీ చేతిలో ఉంది.” వెల్డింగు వాళ్ళు కూడా ఆయన ముఖంలోకే చూశారు. ఆయన ముద్ర కొట్టారు. పరీక్ష లేకుండా మూడు వందల పన్నెండు చట్రాలు. ఆర్డరు వెళ్ళింది. రెండు నెలలకి ఫ్యాక్టరీ ఎలాగూ మూతపడింది.

తర్వాత ఆ మాట చెప్పడానికి సందు దొరకలేదని ఆయన తనకు తాను చెప్పుకునేవారు. నిజానికి పదిహేడు అన్న పేరు రోజురోజుకీ పెద్దదవుతుంటే, దాన్ని చేతులారా చెరుపుకోలేకపోయారు.

మధ్యాహ్నం కంచం ముందు అన్నం కెలుకుతూ కూర్చున్నారు. భార్య రెండుసార్లు చూసి, మూడోసారి అడిగింది. ఆయన మొత్తం చెప్పేశారు. ఆమె గరిటె కింద పెట్టింది.

“రేపు పొద్దున్న ఏడింటికి పిల్ల డ్యూటీ. కొండ ఎక్కాలి.”

“తెలుసు.”

“తెలిసే ‘నాదేనమ్మా’ అని ఇంటికొచ్చారా?” అంది. గొంతు తగ్గించి అడిగింది. “రేడియో గారి బండి కూడా ఆ నాలుగు నెలల్లోదేనా?”

ఆయన కంచం పక్కకి నెట్టారు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఊళ్ళో రేడియోలు బాగుచేసే ఆయన వీళ్ళ గుంపులోవాడే. తొమ్మిదేళ్ళ కిందట, ఎదురుగా ఎవరూ లేని తిన్నటి రోడ్డు మీద బండితో సహా పడిపోయి అక్కడికక్కడే చనిపోయాడు. నిద్ర పట్టి ఉంటుందని కొందరన్నారు. పరధ్యానమని కొందరన్నారు. అందరూ అంత్యక్రియలకు వెళ్ళారు. కొనుక్కున్న రోజున రేడియో ఆయన తన చట్రం మీది ముద్ర చూపించి ఎంత మురిసిపోయాడో పదిహేడు గారికి గుర్తుంది. అక్కడా ఏడు కాలు విరిగే ఉంది.

ఎంగిలి చెయ్యి కడుక్కుని, ఆయన హార్డ్‌వేరు షాపుకి వెళ్ళి రంగు సీసా, పొడి డబ్బా తెచ్చుకున్నారు. అక్కణ్ణుంచి నేరుగా బావమరిది ఇంటికి వెళ్ళారు.

టైలరు కుట్టు మిషను ఆపి బయటికొచ్చాడు. “ఏంటి బావా, మళ్ళీ ముద్దు చేయడానికొచ్చావా దాన్ని?”

ఆయన హ్యాండిల్ కింద మెరుస్తున్న కొత్త రంగుని ఇసుక కాగితంతో గీకేశారు. టైలరు లబోదిబోమన్నాడు. కూతురు తండ్రి చెయ్యి పట్టుకుని ఆపింది. ఎర్ర రంగు పూసి, పావుగంట ఆగి, తుడిచి, పొడి చల్లారు. ముగ్గురూ వంగి చూస్తున్నారు. తెల్లటి పొడి మీద వెంట్రుకంత ఎర్ర గీత మెల్లగా తేలింది. బొటనవేలి గోరంత పొడుగు.

“రంగు సరిగ్గా తుడవలేదేమో” అన్నాడు టైలరు.

మళ్ళీ చేశారు. మళ్ళీ అక్కడే తేలింది.

అప్పుడాయన చెప్పారు. విరిగిన అంకె, అయిపోయిన సీసాలు, మూడు వందల పన్నెండు. టైలరు అరుగు మీద కూలబడ్డాడు.

“నా చేత్తో సీటు కుట్టి మరీ కూర్చోబెట్టానే దాన్ని! పొద్దున వంగి చూసినప్పుడు నీ నోరేమైంది? మా అక్క మొహం చూసి ఊరుకుంటున్నాను. లే, నా ఇంటి ముందు నుంచి లే!”

మేనకోడలు మాత్రం అరవలేదు. గాయాన్ని చూసినట్టు ఆ గీతనే చూస్తూ అడిగింది. “మిగతావాళ్ళు రోజూ ఇలాంటి వాటి మీదే తిరుగుతున్నారా మావయ్యా?”

“ఎన్ని మిగిలాయో తెలియదమ్మా.”

“తెలుసుకో అయితే.”

మరుసటి ఆదివారం ఆయన టీ కొట్టు దగ్గర అందరి ముందూ చెప్పారు. బావమరిది రాలేదు. కాసేపు ఎవరూ నమ్మలేదు. తర్వాత ఒక్కొక్కరూ తమ బండ్ల కింద చూసుకున్నారు. విరిగిన ఏడు రెండింటి మీద దొరికింది. లారీ డ్రైవరు బండిలో పగులు తేలింది. అతను తాళం తీసి జేబులో వేసుకుని, నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు. రెండో బండి డ్రాయింగు మాష్టారిది. ఆయన పరీక్షే చేయనివ్వలేదు.

“పద్నాలుగేళ్ళు మోసింది నన్ను. మీ రంగునీళ్ళు చూసి దాన్ని అనుమానిస్తానా? మన సరుకు పరువు మనమే తీసుకుంటే, ఆ ఓడల వాళ్ళకి పండగే” అని కిక్కు కొట్టి వెళ్ళిపోయాడు. ఆ శబ్దం మలుపు తిరిగేదాకా అందరూ వింటూ నిలబడ్డారు.

ఎగతాళి చేస్తాడనుకున్న బ్యాంకు గుమస్తా ఆ రోజు నవ్వలేదు. “ఎక్కడికైనా వెళ్ళాలా?” అని అడిగాడు. పదిహేడు గారు తలూపి, జీవితంలో మొదటిసారి కొత్త బండి వెనక సీటెక్కారు.

రేడియో ఆయన భార్య మూడంతస్తుల పాత భవనంలో రెండో అంతస్తులో ఉంటోంది. గుమస్తా పరీక్ష సామాను సంచి పట్టుకుని కిందే ఆగిపోయాడు. ఆమె తలుపు తీసి, “రండి అన్నయ్య గారూ” అంది. ఎన్నేళ్ళకొచ్చారని అడగలేదు. ముందు గదిలో మంచం మీద అత్తగారు గోడకానుకుని కూర్చుని ఉంది. ఆవిడకి గట్టిగా అరిస్తే తప్ప వినపడదు.

“ఆ బండి ఏమైంది చెల్లెమ్మా?”

“తుక్కు వాడికిచ్చేశాం. ఎందుకు?”

చూడటానికి ఏమీ మిగల్లేదన్నమాట. అక్కడితో లేచి వచ్చేయొచ్చని ఆయనకి ఒక్క క్షణం అనిపించింది. లేవలేదు. తల దించుకుని, మధ్యలో ఆగకుండా చెప్పేశారు. “అదే కారణమని చెప్పలేను. కాకపోవచ్చు కూడా. కానీ అయి ఉండొచ్చు. అప్పుడే వచ్చి చెప్పాల్సింది.”

ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

“ఆ రోజు పొద్దున ఆయనతో గొడవ పడ్డాను. ఊరందరి రేడియోలూ బాగుచేస్తారు, ఇంట్లో ఇస్త్రీపెట్టె కాలిపోయి నెలైతే పట్టదా అన్నాను. విసురుగా వెళ్ళిపోయారు. ఆ కోపంలోనే పడ్డాడని మా అత్తగారు అంటూనే ఉన్నారు. ఏడాదికో రెండేళ్ళకో కాదు, రోజూ. నేనూ అదే అనుకున్నాను.” తలెత్తింది. కళ్ళు తడిగా లేవు. “తొమ్మిదేళ్ళు, అన్నయ్య గారూ. ఇక్కడికి మీ ఇల్లు ఎంత దూరం?”

ఆయన చేతులు జోడించారు.

“క్షమించమంటారేమో, నా వల్ల కాదు. ఒక్క పని చెయ్యండి. ఇప్పుడు నాకు చెప్పింది ఆవిడకి చెప్పండి.”

ఆయన మంచం దగ్గరికి వెళ్ళి వంగారు. “అమ్మా, మీ అబ్బాయి బండి...”

“ఆఁ?”

“బండమ్మా! బండి!”

“బండేంటి? ఎవరు నువ్వు?”

“గట్టిగా చెప్పండి” అంది కోడలు వెనక నుంచి. “ఇంకా గట్టిగా.”

ఇరవై ఆరేళ్ళు సుత్తి చప్పుడుకి చెవి ఒగ్గి, నెమ్మదిగా మాట్లాడటానికి అలవాటుపడ్డ మనిషి గొంతు చించుకున్నాడు. “మీ అబ్బాయి బండి చట్రం నేను పరీక్ష చెయ్యలేదమ్మా! చెయ్యకుండానే బాగుందని ముద్ర కొట్టాను! అది విరిగి ఉండొచ్చు! మీ కోడలి తప్పు కాదు!”

ఎదురింటి తలుపు తెరుచుకుంది. మెట్ల మీద అడుగులు ఆగాయి. ముసలావిడ కళ్ళు చికిలించి ఆయన్ని ఎగాదిగా చూసింది.

“ఇంకోసారి చెప్పు.”

ఆయన ఇంకోసారి చెప్పారు. ఈసారి పైఅంతస్తు వాళ్ళు కూడా దిగివచ్చారు. ముసలావిడ కోడలి కోసం చెయ్యి చాపింది. కోడలు కదలకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. చాపిన చెయ్యి దుప్పటి మీద అలాగే ఉండిపోయింది.

పదిహేడు గారు చెప్పులేసుకుని బయటికొచ్చారు. మెట్ల మీద గుమిగూడినవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు. ఎవరూ ఆయన ముఖం వైపు చూడలేదు. చివరి మెట్టు మీద నిలబడ్డ ఒకతను మాత్రం, చేతిలో పాల ప్యాకెట్టుతో, తటపటాయిస్తూ అడ్డొచ్చాడు.

“సార్, మా తమ్ముడిది కూడా ఆ కంపెనీ బండే. రోజూ ఇద్దరు పిల్లల్ని బడికి తీసుకెళ్తాడు. ఏ సంవత్సరందో మాకు తెలియదు.”

“ఇల్లెక్కడ?”

“వెనక వీధే.”

ఆయన గుమస్తా వైపు తిరిగి సంచి అడిగారు. అందులో సగం సీసా రంగు, పొడి డబ్బా ఉన్నాయి. ముగ్గురూ వెనక వీధి వైపు నడిచారు.