మలుపు దగ్గర మనిషి

ఏడు మోటార్‌సైకిళ్ళు వరసగా పోతుంటే చూసేవాళ్ళంతా మొదటి బండినే చూస్తారు. చివరి బండి వైపు ఎవరూ కన్నెత్తి చూడరు. పదకొండేళ్ళుగా ఆ చివరి బండి కళ్ళజోళ్ళాయనది. వారమంతా ఇరుకు దుకాణంలో కూర్చుని, చీమ తలకాయంత మరల్ని కళ్ళజోళ్ళ కాడలకు బిగించడం ఆయన పని. ఆదివారం తెల్లారిందంటే మాత్రం ఆయన్ని పట్టుకోలేం. గుంపులో అందరికంటే నిదానస్తుడు కాబట్టి వెనక కాపలా ఆయనకే అంటగట్టారు. ‘చివరాయన’ అని పేరు కూడా పెట్టారు. ఆ పేరు వింటే పైకి విసుక్కుంటాడు గానీ లోలోపల గర్వమే.

ఆ గుంపుకు ఒక పద్ధతి ఉంది. ముందు పళ్ళ డాక్టరమ్మ నడుస్తుంది. దారి తిరిగే ప్రతిచోటా ఆమె వెనకున్న బండి రోడ్డు అంచున ఆగిపోవాలి. ఆగి, చెయ్యి చాపి, వచ్చేవాళ్ళందరికీ ఎటు తిరగాలో చూపించాలి. చివరి మనిషి వచ్చేదాకా అక్కణ్ణుంచి కదలకూడదు. ఆయన రాగానే ఆయన ముందు వరసలో కలిసిపోవాలి. అంతే. కొండల్లో ఫోన్లు పలకకపోయినా ఒక్కరు కూడా దారి తప్పరు. చివరి మనిషిని దూరం నుంచే పోల్చుకోవడానికి ఆయనకో నారింజ రంగు రెయిన్‌కోటు. “నారింజ కోటు కనబడేదాకా భూకంపం వచ్చినా కదలొద్దు” అని డాక్టరమ్మ కొత్తవాళ్ళకు చెబుతుంది. పన్ను పీకేముందు ఎలా చెబుతుందో అలాగే చెబుతుంది.

ఆ ఆదివారం కొత్తగా వచ్చింది ఒక్కతే. కళ్ళజోళ్ళాయన భార్య కూతురు.

భార్య కూతురు అనడానికి ఆయనకు నోరు రాదు. దుకాణంలో ‘మా అమ్మాయి’ అనేస్తాడు. ఆ అమ్మాయి ముందు అనడానికి మాత్రం ధైర్యం చాలదు. ఆమె తల్లి ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. మూడేళ్ళ కిందట ఆవిణ్ణి పెళ్ళి చేసుకుని ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి అమ్మాయికి పంతొమ్మిదేళ్ళు. ఒక్కనాడు ఎదురు చెప్పలేదు, ఒక్కనాడు మొహం ముడుచుకోలేదు. అదే అసలు చిక్కు. పక్క వాటాలో అద్దెకు దిగిన పెద్దమనిషితో ఎంత మర్యాదగా ఉంటారో అంత మర్యాదగా ఉండేది. మంచినీళ్ళు అందిస్తే “థాంక్సండీ” అనేది. ఏదైనా చెప్పాల్సి వస్తే ఎదురుగా వచ్చి నిలబడి మొదలుపెట్టేది. అదే తల్లితో అయితే తడి తువ్వాలు దగ్గర్నుంచి టీవీ దాకా రోజూ యుద్ధమే. ఆ ఇద్దరూ వంటగదిలో కీచులాడుకుంటుంటే ఈయన హాల్లో పేపరు అడ్డం పెట్టుకుని కుళ్ళుకునేవాడు. తనమీద కూడా ఒక్కసారి గట్టిగా కేకలేస్తే బాగుండుననుకునేవాడు. ఇలాంటిది ఎవరితో చెప్పుకుంటాడు? నవ్విపోతారు.

ఆర్నెల్ల కిందట అమ్మాయి తన జీతం డబ్బుతో ఒక పాత పసుపు బండి కొనుక్కొచ్చింది. ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో ఉద్యోగం ఆమెకి. బండి గుమ్మం ముందు పెట్టి, యథాప్రకారం ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, నేర్పిస్తారా అని అడిగింది. ఆయన కాళ్ళు నేలమీద నిలవలేదు. గోడౌన్ల వెనక ఖాళీ జాగాలో పది ఆదివారాలు నేర్పించాడు. గుంపువాళ్ళు చివరాయన తప్పిపోయాడని వేళాకోళం చేసినా పట్టించుకోలేదు. క్లచ్చి వదిలేటప్పుడు వేళ్ళు ఎలా ఉండాలో, మలుపులో చూపు చక్రం మీద కాకుండా పోవాల్సిన వైపు ఎందుకుండాలో, తడిరోడ్డు మీద ముందు బ్రేకుతో ఎంత జాగ్రత్తగా ఉండాలో, అన్నీ చెప్పాడు. ఆమె రెండుసార్లు పడింది, మోచెయ్యి గీరుకుంది, లేచి మళ్ళీ ఎక్కింది. పాఠం అయ్యాక హెల్మెట్ తీసి “థాంక్సండీ” అనేది. ఆ మాటతో ఆయన ఉత్సాహమంతా నీరుగారిపోయేది.

కొండల మీది సరస్సు దాకా గుంపుతో పంపడానికి తల్లి ఓ పట్టాన ఒప్పుకోలేదు. “దానికి తొందరెక్కువ, మీకు మెతకతనం ఎక్కువ. మీ ఇద్దరూ కలిసి వెళ్తే నా గతేంటి?” అంది. కొత్తవాళ్ళని డాక్టరమ్మ తన వెనకే ఉంచుకుంటుందని, మలుపు దగ్గర నిలబడ్డాక అమ్మాయి తన ముందుకే వచ్చి కలుస్తుందని ఆయన ఓపిగ్గా వివరించాడు. అప్పటికీ ఆవిడ మొహం తేటపడకపోతే, దిగేటప్పుడు మాత్రం దాని వెనకే ఉంటాను, నా చూపు దాటి పోనివ్వను అని మాటిచ్చాడు. ఎక్కేదారి సులువు. కొండపైన దారి చీలే మలుపు దాటాక సరస్సుకి దిగే దారే ప్రమాదం.

పొద్దున్నే బయల్దేరారు. ఊరు దాటేసరికి రోడ్డు వాళ్ళ సొంతమైపోయింది. ఒకరు ఎడమకి, వెనకవాళ్ళు కుడికి, మధ్య రెండు సెకన్ల దూరం. ముందువాళ్ళు కాలు చాపి గుంత చూపిస్తే ఆ కాలి సైగ వరసగా వెనక్కి వచ్చేది. ఎండ ఇంకా వెచ్చబడలేదు. చేల మీంచి తడిమట్టి వాసన హెల్మెట్లలోకి దూరుతోంది. దూరంగా పసుపు బండి వంపు తిరిగినప్పుడల్లా ఆయన ఒళ్ళు కూడా తెలియకుండానే అటు ఒరిగేది. భుజాలు బిగపట్టకుండా, తల పైకెత్తి, చెప్పినట్టే తిప్పుతోంది. ఆ ఆనందం ఆయన మొహంలో పట్టలేదు, కానీ హెల్మెట్‌లో ఎవరికి కనబడుతుంది.

కొండ మొదట్లో టీ తాగారు. డాక్టరమ్మ, అమ్మాయి, ఇద్దరూ రెండు బండ్ల మీద వచ్చిన బ్యాంకు దంపతులు ముందు కదిలారు. వాళ్ళ వెనక బేకరీ కుర్రాడు, ప్లంబరు, ఆఖర్న ఈయన. అయిదారు కిలోమీటర్లు ఎక్కారో లేదో, ప్లంబరు బండి క్లచ్చి కేబుల్ పుటుక్కున తెగింది. చివరి మనిషి ఆగాలి, ఆగాడు. అద్దంలో చూసి బేకరీ కుర్రాడూ ఆగాడు. అప్పుడే సన్నగా వాన మొదలైంది. ఆ కుర్రాడు పలచటి చొక్కాతో వచ్చి గజగజ వణుకుతున్నాడు. కళ్ళజోళ్ళాయనకు జాలేసింది. ఒంటిమీది కోటు విప్పి వాడికి తొడిగాడు. నువ్వు పద, మాకో అరగంట పడుతుందని డాక్టరమ్మకు చెప్పు అని పంపించేశాడు. వాడు రివ్వున పోయాడు. నిదానమనే మాట ఆ కుర్రాడి నిఘంటువులో లేదు.

ప్లంబరు దగ్గర స్పేర్ కేబుల్ ఉంది. ఇద్దరూ వానలో గొంతుకూచుని పాత కేబుల్ లాగుతున్నారు. సగం పనయ్యాక ప్లంబరు తలెత్తి చూశాడు.

“అన్నా, నీ కోటేదీ?” అన్నాడు.

కళ్ళజోళ్ళాయన చేతిలో పట్టకారు జారిపోయింది.

ఊరందరి చూపులూ సరిచేసే మనిషికి, దూరం నుంచి చూసేవాళ్ళకు తాను ఎలా కనబడతాడో ఆ క్షణంలో తట్టలేదు. కోటు వాన కోసం కాదు. పైన మలుపు దగ్గర డాక్టరమ్మ వెనకున్నది అమ్మాయే. ఆమె నిలబడి ఉంటుంది. నారింజ కోటు రావడం చూస్తుంది. చివరి మనిషి వచ్చేశాడనుకుని బండి తీస్తుంది. ఆ కుర్రాడు ఆమె వెనక ఎందుకుంటాడు? వాడికేం తెలుసు, దాటేసి పోతాడు. అక్కణ్ణుంచి సరస్సుకి నాలుగు కిలోమీటర్లు దిగుడు, ఒకదాని మీద ఒకటి మలుపులు, కంకర, దానికి తోడు వాన. పది ఆదివారాల నేర్పుతో అమ్మాయి ఒంటరిగా, అందరికంటే వెనక. పడితే లేపే దిక్కు లేదు. పడిందని తెలిసే దారీ లేదు.

ఆయన చూపు కొండ మీదికి పోయింది. ప్లంబరు పరిస్థితి కనిపెట్టి, నన్నొదిలెయ్, నేనెలాగో వస్తాను, నువ్వు ముందు వెళ్ళు అన్నాడు. కళ్ళజోళ్ళాయన లేచాడు, తన బండి దాకా నడిచాడు, తాళంచెవి తిప్పాడు. రోడ్డు మీద మరో మనిషి లేడు. ప్లంబరు అప్పటికే వణుకుతున్న వేళ్ళతో కేబుల్ చివర దూర్చడానికి తంటాలు పడుతున్నాడు. చివరి మనిషి వదిలేసి పోతే ఇక వెనక వచ్చేవాడు ఎవరూ ఉండరు. ఆయన తాళంచెవి తీసేసి వెనక్కొచ్చి కూర్చున్నాడు. ఆ వెనక్కొచ్చిన పది అడుగులూ ఆయన జన్మలో మరిచిపోలేదు. భార్యకిచ్చిన మాట గుర్తొస్తోంది, కళ్ళజోళ్ళకు వాడే చిన్న స్క్రూడ్రైవరుతో మర బిగిస్తున్నాడు. చీమ తలకాయంత మరల్ని కూడా ఎన్నడూ జారవిడవని చేతులవి. ఇప్పుడు ఒక మర గడ్డిలో పడిపోయింది. వెతికి పట్టుకోవడానికే పావుగంట పట్టింది. ప్లంబరు విసుక్కోకుండా తానూ గడ్డిలో వెతికాడు. అది ఆయన మంచితనం.

బండి కదిలేసరికి గంట దాటింది. ప్లంబరుని ముందు పెట్టి ఈయన వెనక నడిచాడు. తొమ్మిది కిలోమీటర్లు. ప్రతి వంపు దగ్గరా రోడ్డు పక్క పొదల్లోకి చూశాడు. అమ్మాయి దిగే దారిలో ఉంటుంది గానీ ఎక్కే దారిలో ఎందుకుంటుందని బుద్ధి చెబుతూనే ఉంది. కళ్ళు వినలేదు.

చివరి వంపు తిరిగాక, వానలో ఏదో పసుపుగా మినుకుమినుకుమంది.

ఇండికేటర్. రోడ్డు అంచున పసుపు బండి. దాని పక్కన అమ్మాయి, నిలువెల్లా తడిసి, చెయ్యి ఎడమవైపుకి చాపి నిలబడి ఉంది. కొంచెం అవతల చెట్టు కింద డాక్టరమ్మ, ఆమె చేతిలో మడతపెట్టిన నారింజ కోటు.

ఆయన బండి ఆపాడు గానీ స్టాండు వెయ్యడం మరిచాడు. ప్లంబరు దూకి పట్టుకోకపోతే బండి పడిపోయేదే.

సంగతి డాక్టరమ్మ చెప్పింది. బేకరీ కుర్రాడు ఈ కోటు తొడుక్కుని చెయ్యి ఊపుతూ దాటిపోయాడట. సరస్సు దగ్గర అమ్మాయి కనబడకపోతే వాణ్ణి నిలదీసి, కోటు ఒలిపించి, తాను వెనక్కొచ్చిందట. కేబులే తెగింది, ఇంకేం కాలేదు, రమ్మని చెప్పిందట. చెట్టు కిందికైనా రమ్మందట. పద్ధతి పెట్టినదాన్ని నేనే చెబుతున్నాను, కోటు వచ్చేసింది కదా, ఇక నీ కాపలా అయిపోయింది అందట.

“వింటేగా?” అంది డాక్టరమ్మ. “‘కోటు వచ్చింది, మనిషి రాలేదు’ అని ఒకటే మాట. కదల్లేదు.”

కళ్ళజోళ్ళాయన అమ్మాయి వైపు రెండడుగులు వేశాడు. తప్పు నాదేనని చెబుదామని నోరు తెరిచాడు. ఆ అవకాశం దక్కలేదు.

“మీకు బుద్ధుందా అసలు?” అంది అమ్మాయి.

డాక్టరమ్మ, ప్లంబరు ఉన్నపళాన చెట్టు వైపు తిరిగి ఆకులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

“ఎవరు వణికితే వాళ్ళకిచ్చేస్తారా కోటు? వాడు వచ్చినప్పుడు మీరే అనుకున్నాను. దగ్గరికొచ్చాక మొహం చూస్తే మీరు కాదు. ఆగరా అంటే ఆగలేదు. మీరు పడిపోయారనుకున్నాను. వెతకడానికి వద్దామంటే, మీరు ఈలోపు వచ్చి నేను లేకపోతే కంగారు పడతారని రాలేదు. గంటన్నర! కింద ఏ బండి మోగినా మీదేనేమో అనుకోవడం, కాదనుకోవడం. అమ్మకి నేనేం చెప్పుకోవాలి? మీకేమన్నా అయితే మేమేం కావాలి? చెప్పండి, మాట్లాడరేం?”

చెయ్యి ఇంకా ఎడమవైపు చాపే ఉందని అప్పుడు చూసుకుని దించింది. దించి, మొహం తుడుచుకుంది. వాన కదా, ఏది ఎంత తుడిచిందో తెలియదు.

మాట్లాడితే ఈ తిట్లు ఆగిపోతాయేమోనని ఆయనకు భయం. యాభై మూడేళ్ళ మనిషి, నడిరోడ్డు మీద, నలుగురిలో చీవాట్లు తింటూ కడుపు నిండినట్టు నిలబడ్డాడు. చివరికి, “ఇంకెప్పుడూ ఇవ్వనమ్మా” అన్నాడు. గుంపంతటికీ మెతక మనిషిగా పేరున్న ఆయన గొంతు ఆ పూట మరీ మెత్తగా వచ్చింది.

డాక్టరమ్మ కోటు ఆయనకు అందించబోయింది. అమ్మాయి మధ్యలోనే లాక్కుంది. తానే తొడుక్కుని, చేతులు పైకి మడుచుకుంది.

“ఇది మీ దగ్గరుంటే నిలవదు. మీరు ముందు నడవండి, నాకు కనిపిస్తూ. ఇవాళ చివర నేనుంటాను.”

దిగుడు దారి, నీకు కొత్త అని ఆయన అనబోయాడు. భార్యకు మాటిచ్చానని కూడా అనబోయాడు. అమ్మాయి అప్పటికే హెల్మెట్ పెట్టేసుకుంది. డాక్టరమ్మ కళ్ళతోనే సరే అనమంది. ఆయన తల ఊపాడు. ఎలాగైనా తాను మెల్లగా పోతే, ఆమె మెల్లగానే రావాలి కదా అనుకున్నాడు.

వాన తెరిపిచ్చింది. కంకర ఉన్నచోట కాలు చాపి చూపిస్తూ, తడి మెరిసేచోట మరింత ముందుగా వేగం తగ్గిస్తూ దిగాడు. పదకొండేళ్ళుగా ఆయన బండి అద్దంలో ఖాళీ రోడ్డు తప్ప మరొకటి కనబడిందే లేదు. చివరి మనిషి వెనక ఎవరుంటారు? ఇప్పుడు ఆ అద్దంలో ఒక దీపం ఉంది. మలుపు తిరిగితే మాయమయ్యేది, మళ్ళీ వచ్చేది. అది వచ్చేదాకా ఆయన వేగం పెంచేవాడు కాదు.

అలా అద్దంలోనే చూపు పెట్టుకుని, ఒక మలుపు దాటాక ఇండికేటర్ ఆపడం మరిచిపోయాడు. వెనక హారన్ రెండుసార్లు మోగింది. బాగా కోపంగానే మోగింది. గబగబా ఆపేశాడు.

తర్వాతి మలుపు దగ్గర మళ్ళీ మరిచిపోయాడు. ఈసారి కావాలనే.