ఊడ్చిపెట్టిన నేల

జేసీబీ మిర్చిని మట్టితో కలిపి ఎత్తింది. సోమవారం పొద్దున, మిర్చి యార్డు వెనక జాగాలో, నా కళ్ల ముందే ఎత్తింది. తొడిమలు తీసే ఆడవాళ్లు అరుస్తూ చెదిరిపోయారు. చాందక్క మాత్రం తన కుప్ప ముందు కాళ్లు బార్లా చాపి కూర్చుంది.

"లెవ్వే ముసల్దానా! బకెట్ల పడ్తవ్!" అన్నాడు బిల్డర్ మనిషి కోటేష్.

"పడనియ్. నన్ను గూడ టిక్కీ బస్తాల తొక్కి అమ్ముకో."

"ఇది ఖాళీ జాగా. ఆఫీసోళ్లు చూసి రాసిచ్చిండ్రు. ఫోటోలు గూడ ఉన్నయ్, చూడు!"

ఫోన్ ఎత్తి అందరికీ చూపించాడు. ఆ ఫోటోలు నేను తీసినవే.

మిత్రులారా, నేను ఆర్కిటెక్చర్ చదివాను. సతీష్ సార్ ఆఫీసులో నా మొదటి పని ఈ జాగాయే. ఇక్కడ కాంప్లెక్స్ కడితే ఎన్ని అంతస్తులు లేపొచ్చు, రోడ్డుకు ఎంత వదలాలి, మాస్టర్ ప్లాన్‌లో ఇది ఏ జోన్ అన్నది వెతకాలి. మ్యాపులో దీనికి పచ్చరంగు ఉంది, అంటే కట్టడాలు రాకూడదు. జోన్ మార్చాలంటే జాగాను ఎవరూ వాడడం లేదని చూపాలి, అభ్యంతరాలు వినాలి. ఎవరూ వాడడం లేదన్న ఆ ముక్క రాసింది నేను.

అబద్ధమని తెలిసి రాయలేదు. అప్పటికి మా పెళ్లై నెల కూడా కాలేదు. మొహసిన్ పరుపుల దుకాణానికి ఆదివారమే సెలవు కాబట్టి సైటుకు ఆదివారమే పోయాం. బండి మలుపు తిరిగినప్పుడల్లా నాకు నవ్వే. టేపు ఒక కొస తను పట్టుకున్నాడు, ఒకటి నేను. గాలికి టేపు పాములా మెలికలు తిరిగితే ఇద్దరం పగలబడి నవ్వాం. ఒక్క జామకాయను ఉప్పూకారం అద్దుకొని చెరిసగం తిన్నాం. నేల అద్దంలా ఉంది. "ఎంత నీట్‌గుందో, ఇక్కడికెవరు రారేమో" అన్నాను.

శని, ఆదివారాలు యార్డుకు సెలవు. ఒక సేటు సరుకులో ఇంకో సేటు తాలుకాయ కలవొద్దని, ఈ ఆడవాళ్లు శుక్రవారం సాయంత్రమే ఒక్క గింజ మిగలకుండా ఊడ్చి పోతారు. అంత శుభ్రంగా ఊడ్చినందుకే ఆ జాగా నాకు ఖాళీగా కనబడింది.

జేసీబీ వచ్చిన సోమవారం సాయంత్రం మొహసిన్ మల్లెపూలు తెచ్చాడు. ఎప్పుడూ ఆ పొట్లం చూస్తేనే గంతులేసేదాన్ని. ఆ రోజు ముట్టలేదు. సంగతంతా అతనికి చెప్పాను.

"టేపు ఇంకో కొస పట్టింది నేనే గద ఫరహా," అన్నాడు. "పద, పోయి చెప్దాం."

మరునాడు హమాలీల షెడ్డులో మీటింగ్. లోపల గోల గోలగా ఉంది.

"బిల్డింగొస్తే మాకు సిమెంటు మోసే పని దొరుకుతది," అన్నాడొక హమాలీ.

"కట్టుడు అయిపోయినంక ఏం మోస్తవ్? లిఫ్టునా?" అన్నాడు సంఘం పెద్ద దూలయ్య. "ఇయ్యాల ఆళ్లను లేపినోడు రేపు నిన్ను ఉంచుతడా?"

నేను లేచి నిలబడి, చేసింది చెప్పాను. సోని అని తల్లాడ దగ్గరి తండా నుంచి తొడిమలు తీయడానికొచ్చే పిల్ల, నడుముకు కొంగు బిగించి నా ముందుకొచ్చింది.

"ఆదివారం వచ్చినవా? మేం ఆదివారం మీ ఆఫీసుకొస్తే అది గూడ ఖాళీ జాగానేనా?"

ఎవరో నవ్వారు. నేను తల దించుకున్నాను.

"తల ఎందుకు దించుతవ్ బిడ్డా," అంది చాందక్క. "గా అభ్యంతరం ఎట్ల చెప్పాల్నో చెప్పు."

"జోన్ మార్పు మీద విచారణ ఇంకా కాలేదు అక్కా. ఆ రోజు అందరూ రావాలె. ఒక్కొక్కరూ చెప్పాలె."

"వస్తం. పని ఇడిసిపెట్టి ఎట్లొస్తం? పనితోనే వస్తం."

అన్నట్టే వచ్చారు. హమాలీలు టిక్కీలు మోసుకొచ్చి విచారణ జరిగే సర్కారు ఆఫీసు వరండాలో కుమ్మరించారు. ఆడవాళ్లు చుట్టూ కూర్చొని తొడిమలు తీయడం మొదలుపెట్టారు. ఘాటు కిటికీల్లోంచి లోపలికి దూరింది. గుమాస్తాలు తుమ్ముతూ బయటికొచ్చారు. వాళ్ల వెనకే ఆఫీసరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని వచ్చాడు.

"మీకు పట్టాలున్నయా?"

"పట్టా లేదు సారూ, పనుంది," అంది చాందక్క.

బిల్డర్ తరఫున వచ్చిన సతీష్ సార్ నా చెవి దగ్గర వంగాడు. "సైటు ఖాళీగానే ఉందని ఒక్క మాట చెప్పు ఫరహా. కొత్త కాపురం, ఉద్యోగం చెడగొట్టుకోకు."

నేను అందరికీ వినబడేలా చెప్పాను: "నేను పోయింది యార్డు సెలవు రోజు. నేను రాసింది తప్పు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "జేసీబీ వచ్చినంకనా చెప్పేది?" అంది సోని. నిజమే.

ఆఫీసరు విచారణ వాయిదా వేసి లోపలికి పోయాడు. కాసేపటికి పోలీసులొచ్చారు. ఆఫీసు పనికి అడ్డం పడ్డారని చాందక్కనూ దూలయ్యనూ వ్యాను ఎక్కించారు. నేను వ్యాను కిటికీ ఊచలు పట్టుకున్నాను.

"మాఫ్ చెయ్యి అక్కా..."

"నీ మాఫీతోని నాకేం పని బిడ్డా? నా కుప్ప సగమే అయింది. కూసొని తియ్."

ఆడవాళ్లు కుప్పలు ఎత్తుకొని వరండా దిగారు. వ్యాను టైర్లకు ఆనించి రోడ్డు మీదే పోశారు. హమాలీలు మిగిలిన టిక్కీలు తెచ్చి వెనక అడ్డం పెట్టారు. సోని నా వైపు చూడకుండానే కొంచెం జరిగి చోటిచ్చింది. కూర్చున్నాను. నాలుగు కాయలకే వేళ్లు భగ్గుమన్నాయి. దుకాణం మూసి వచ్చిన మొహసిన్ నా పక్కనే కూలబడ్డాడు.

ఎస్సై లాఠీ ఊపుతూ వచ్చాడు. "ఏందమ్మా ఇది? నడిరోడ్డు మీద ఏంది ఈ కుప్పలు?"

సోని చేతిలో కాయ తొడిమ తుంచి పక్కన పడేసింది.

"జాగా ఖాళీగుంది గద సార్, కూసున్నం."